వెలుతురు దూరకూడదు

షారోనూ, ఆ సెల్లు కాసేపు పక్కన పెట్టు.
ఆప్షన్లు రేపు రాత్రి పన్నెండు దాకా మార్చుకోవచ్చు.
ఈ గేరుబాక్సు మాత్రం ఇప్పుడే మూయాలి,
కలవపూడి చెరువులో రొయ్య తెల్లారేదాకా ఆగదు.
ఇలా పట్టుకో. స్పానరు కాదు, లైటు.

మెకానికల్ పెట్టనా అని అడిగావు.
మీ నాన్న అడిగుంటే ఒకటి చెప్పేదాన్ని,
నువ్వడిగావు గనక ఇంకోటి చెబుతాను.

మొదటి ఏడాది నీకు మోటారు చూపించరు.
డ్రాయింగ్ షీటు ఇస్తారు.
పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది,
పక్కనుంచి ఎలా ఉంటుంది,
కోసి చూస్తే లోపల ఏముంటుంది.
ముప్పై షీట్లయ్యేసరికి
అన్నం గిన్నె కూడా అడ్డకోతలో కనబడుద్ది.
ఉండి లాకుల మీద నిలబడి
తలుపు వెనక నీళ్ళెంత బరువో
అప్పుడే మొదటిసారి లెక్కేశాను.
తప్పొచ్చింది.

ఫిట్టింగు షాపుంటుంది.
రెండు ఇనప బిళ్ళలు, ఒక ఆకురాయి.
ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి,
ఎండకేసి పట్టుకుంటే మధ్యలోంచి
వెలుతురు దూరకూడదు.
అరవై మందిలో ఆడపిల్లలం ఇద్దరం.
గంగాచలం మేస్త్రి నా బిళ్ళల్ని కిటికీకేసి పట్టుకుని
"పొద్దు పొడుత్తుందమ్మా" అనేవాడు.
పదకొండు సార్లు పొడిచింది.
పన్నెండోసారి ఏమీ అనలేదు,
బిళ్ళలు నా చేతిలో పెట్టి టీకెళ్ళిపోయాడు.
నాకు డిగ్రీ వచ్చింది ఆ రోజే,
పట్టా తర్వాతెప్పుడో పోస్టులో వచ్చింది.

ఎంట్రోపీ అని ఒకటుంది. భయపడకు.
రాజు మాస్టారు నాలుగు బోర్డులు నింపి
"పోయిన వేడి తిరిగి రాదు, అంతే" అన్నారు.
పరీక్షలో అదే రాస్తే
పదికి రెండేశారు, ఆయనే.

నాలుగో ఏడాది కంపెనీలొస్తాయి.
క్రాంకు షాఫ్టు గురించి ఎవరూ అడగలేదు,
ఎదురెదురుగా రైళ్ళొస్తే ఎక్కడ కలుస్తాయని అడిగారు.
నలభై ఆరుగురు కంప్యూటర్ల ముందుకెళ్ళారు,
వాళ్ళది తప్పని నేననను,
ఇళ్ళు కట్టుకున్నారు.
నాకు తణుకులో రైసుమిల్లు, పదకొండు వేలు.
ఊక దుమ్ము తలలోంచి ఆదివారాలు కూడా పోయేది కాదు.
వచ్చినవాళ్ళు "ఇంజినీరుగారు ఎక్కడమ్మా?" అనేవారు.
గ్రీజు చేతుల్తో నేను
"భోజనానికెళ్ళారండి" అని చెప్పేదాన్ని
కొన్నాళ్ళు.

ఉప్పునీళ్ళు సీలుని తింటాయని
ఏ సిలబస్సులోనూ లేదు.
ఆకివీడు నుంచి మొగల్తూరు దాకా
చెరువు చెరువుకీ ఒక తుప్పుంటుంది, రంగు తేడా.
రాత్రి రెండింటికి ఫోనొస్తుంది.
అవతల మనిషి ఏమీ మాట్లాడడు,
ఫోను చెరువు వైపు తిప్పుతాడు.
నేను మంచం మీద కూర్చుని
చక్రం చప్పుడు వింటాను.
గరగర వేరు, టకటక వేరు,
రెండిటి ఖరీదూ వేరు.
ఒక్కోసారి ఏ చప్పుడూ ఉండదు,
నీళ్ళు ఊరుకున్న చప్పుడు తప్ప.
అప్పుడు చెప్పులేసుకోకుండా బండి తీస్తాను.

దీనివల్ల ఏమొస్తుందంటే,
ఏది ఎందుకు ఆగిపోయిందో
అడక్కుండా ఉండలేని జబ్బొకటి వస్తుంది.
ఫ్యానైనా సరే, మనిషైనా సరే.
పెళ్ళిచూపుల్లో కూడా
ఆయన కుర్చీ కిర్రుమంటోందని వంగి చూశాను.

పెట్టమననూ, వద్దననూ.

మూత వేసే ముందు లైటు లోపల పెట్టు.
నేనిటు చూస్తాను. బాగానే ఉంది కదా?
ఏంటి?
ఎడమ బోల్టు దగ్గరా?
నాకేం కనబడట్లేదే...
వెంట్రుకంతా?

సరే, విప్పు.
ఏ బోల్టు ఎక్కణ్ణుంచి తీశావో
గుర్తు పెట్టుకో.